వీడియో ఇవ్వరు, మార్కులు మాత్రం వేయమంటారు

2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అయిపోయిన వారంలోపు రాసింది ఇది. ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రో లీగ్. డ్రాఫ్ట్ అంటే దాని జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం, ఒక్కో ఎంపికని పిక్ అంటారు. కోపం చల్లారకముందే ఇది రాసేయాలనుకున్నాను.

నేను టెక్సాస్‌లో స్పోర్ట్స్ అనలిటిక్స్‌లో ఎంఎస్ చేస్తున్నాను. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కింద ఒక్కొక్కరికి ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఇచ్చారు. ఆ జట్టు అఫెన్స్‌లో, అంటే దాడి చేసే వైపు, ఏం లోటుందో తేల్చాలి. ఆ లోటు తీర్చగల కాలేజీ ఆటగాళ్లకు ర్యాంకులు వేయాలి. ఏప్రిల్ 24న గ్రీన్ బేలో డ్రాఫ్ట్ మొదలయ్యేలోపు ప్యానెల్ ముందు కూర్చుని, ఎందుకలా వేశామో చెప్పుకోవాలి. నేను డాలస్ కౌబాయ్స్‌ని అడిగి మరీ తీసుకున్నాను. మా పెదనాన్నావాళ్లు ఉండేది ఫ్రిస్కోలో. ఆ జట్టు హెడ్‌క్వార్టర్స్ ‘ది స్టార్’ ఉన్నదీ అక్కడే. ఆదివారాలు వాళ్లింట్లో టీవీ ముందు కూర్చునే నేను ఈ ఆట నేర్చుకున్నాను.

లోట్లు తేల్చడం కష్టం కాలేదు. 2024 సీజన్‌లో కౌబాయ్స్ 7 గెలిచి 10 ఓడారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ తొడ కండరం దెబ్బతిని సగం సీజన్‌కే ఆగిపోయాడు. ఆ బంతి పట్టుకునే రిసీవర్లలో సీడీ లాంబ్ తర్వాత చెప్పుకోదగ్గవాడు లేడు. బ్రాండిన్ కుక్స్ మార్చిలో వెళ్లిపోయాడు. వెయ్యి గజాలు దాటిన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) రికో డౌడిల్ కూడా కరోలినా జట్టుకి పోయాడు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, జాక్ మార్టిన్ రిటైరవడం. 2014లో 16వ పిక్‌గా వచ్చి, తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి (లీగ్ మేటి ఆటగాళ్ల జట్టుకి) ఎంపికైన రైట్ గార్డ్ అతను.

ఈ ఆట చూడనివాళ్ల కోసం చిన్న మాట. బంతి అందించే సెంటర్‌కి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్ల పక్కన ఇద్దరు టాకిల్స్ ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ ఒంటిమీద చెయ్యి పడకుండా చూసేది ఈ ఐదుగురే. వాళ్ల పేర్లు స్కోర్‌బోర్డు మీద కనిపించవు. మార్టిన్ పక్కనున్నాడంటే ఇటు సెంటర్, అటు టాకిల్ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇప్పుడు సెంటర్ కూపర్ బీబీ, లెఫ్ట్ టాకిల్ టైలర్ గైటన్ ఇద్దరూ 2024లో వచ్చిన కుర్రాళ్లే. అందుకే నా రిపోర్టులో మొదటి వాక్యం ఇలా రాశాను: ఈ జట్టుకి కావాల్సింది ఖాళీ అయిన ఒక స్థానాన్ని నింపేవాడు కాదు, పక్కవాళ్ల భారం కూడా మోయగలిగినవాడు. ఈ వాక్యం గురించి నాకిప్పటికీ గర్వమే.

కొలతలు, పరుగుల టైమింగులు డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపొలిస్‌లో కాలేజీ ఆటగాళ్లకు పెట్టే పరీక్షలు, అంటే కంబైన్ నుంచి దొరుకుతాయి. ఒక పూట పని.

అసలు కథ వీడియో దగ్గర మొదలైంది.

కోచ్‌లు, స్కౌట్లు (ఆటగాళ్లను చూసి అంచనా వేసేవాళ్లు) చూసేది టీవీలో మనం చూసే ఆట కాదు. మైదానంలో 22 మందీ ఒకేసారి కనిపించేలా పైనుంచి తీసిన వీడియో వేరే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచులకైతే చందా కట్టి అది చూడొచ్చు. కాలేజీ మ్యాచులకు అలా కొనుక్కునే దారి లేదు. కాలేజీలు, ప్రో జట్లు తమలో తాము పంచుకుంటాయి. మా యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగం దగ్గర ఆ వీడియో ఉంది, నేను కూర్చునే బిల్డింగ్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే. నాకు మాత్రం అందలేదు.

మా డిపార్ట్‌మెంట్‌ని అడిగితే అథ్లెటిక్స్‌ని అడగమన్నారు. అక్కడికెళితే డిపార్ట్‌మెంట్ లెటర్ తెమ్మన్నారు. లెటర్ తీసుకెళితే అందులో ప్రాజెక్టు గైడ్ సంతకం ఉంది గానీ రూల్స్ చూసే ఆఫీసు సంతకం లేదన్నారు. ఆ ఆఫీసులో ఆన్‌లైన్ టికెట్ పెట్టమన్నారు. టికెట్ పెడితే ‘పరిష్కరించబడింది’ అని మెయిల్ వచ్చింది. లాగిన్ మాత్రం రాలేదు. మళ్లీ తెరిస్తే, ఇది మా పరిధి కాదు, డిపార్ట్‌మెంట్‌ని సంప్రదించండి అని జవాబు. పాస్‌బుక్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మా నాన్న తిరిగినట్టే నేనూ తిరిగాను. తేడా ఏమిటంటే, ఇక్కడ అందరూ నవ్వుతూ ‘హ్యావ్ ఎ గ్రేట్ డే’ అని పంపిస్తారు. లక్షల్లో ఫీజు కట్టించుకునేటప్పుడు బ్రోచర్‌లో ‘ప్రొఫెషనల్ స్కౌటింగ్ వాతావరణం’ అని రాసింది వీళ్లే. ప్రాజెక్టుకి ప్రాణం లాంటి వీడియో ఇవ్వకుండా ఆ మాట రాయడం విద్యార్థిని మోసం చేయడమే.

చివరికి టీవీ ప్రసారాల రికార్డింగులే దిక్కయ్యాయి. వాటితో కూర్చున్నాక ఒక విషయం అర్థమైంది. టీవీ కెమెరా బంతిని వదలదు. గార్డు ఉండేది బంతి పక్కనే. కాబట్టి గార్డు పని చాలావరకు కనిపిస్తుంది. రిసీవర్ అలా కాదు, సెంటర్ బంతి అందించగానే ఫ్రేములోంచి పరిగెత్తి వెళ్లిపోతాడు. బంతి అతని వైపు వస్తేనే మళ్లీ కనిపిస్తాడు.

అలబామా గార్డ్ టైలర్ బుకర్‌ని చూస్తుంటే ఒక పాస్ ఆట దగ్గర ఆగిపోయాను. ఎదురుగా ఉన్న అవతలి జట్టు డిఫెన్సివ్ టాకిల్ బుకర్ భుజం రాసుకుంటూ బయటికి దూసుకుపోయాడు. బుకర్‌ని తనతో లాక్కెళ్లడమే వాడి పని, ఖాళీ అయిన చోటులోకి ఇంకొకడు చుట్టూ తిరిగి రావాలి. బుకర్ ఆ వలలో పడలేదు. ఒక అరచేత్తో మొదటివాణ్ని పక్కనున్న తన టాకిల్ వైపు తోసేశాడు, నడుం కిందికి దించి ఆగాడు, రెండోవాడు వచ్చేసరికి రెండు చేతులూ వాడి ఛాతీ మీద ఉన్నాయి. ఆ మూడు సెకన్లను ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో. అతను 40 గజాల పరుగుకి 5.38 సెకన్లు తీసుకున్నాడని కంబైన్ తర్వాత చాలామంది పెదవి విరిచారు. అసలు మ్యాచులో గార్డు 40 గజాలు తిన్నగా పరిగెత్తే సందర్భం ఎప్పుడొస్తుంది? 321 పౌండ్ల బరువు, 34 1/2 అంగుళాల చేతులు ఉన్నవాడు మొదటి రెండడుగులు ఎలా వేస్తున్నాడన్నది నాకు ముఖ్యం. గార్డుల్లో మొదటి పేరు, కౌబాయ్స్ 12వ పిక్‌కి నా సిఫార్సు, రెండూ బుకరే.

రిసీవర్లకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. టెక్సాస్ కుర్రాడు మాథ్యూ గోల్డెన్ కంబైన్‌లో 4.29 సెకన్లలో పరిగెత్తాడు. అరిజోనా ఆటగాడు టెటైరోవా మెక్‌మిలన్ పొడగరి, గాల్లో బంతి లాక్కుంటాడు. పట్టుకోవడం, పట్టుకున్నాక పరుగు వరకు మార్కులు వేశాను. మీదికొచ్చిన డిఫెండర్‌ని మొదటి అడుగులో ఎలా వదిలించుకున్నాడు, బంతి తన వైపు రాదని తెలిసినప్పుడు కూడా మనసుపెట్టి పరిగెత్తాడా అన్న గడుల్లో ‘చూడలేదు’ అని రాశాను. చూడనిది రాయకూడదు కాబట్టి రాయలేదు.

ప్యానెల్‌లో ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక రిటైర్డ్ స్కౌట్. బుకర్ పేజీ దగ్గర ఆయన అడిగిన ప్రశ్న మంచిదే. అలబామాలో రెండేళ్లుగా ఎడమవైపు ఆడినవాణ్ని కుడివైపు ఖాళీకి ఎలా తీసుకుంటావన్నారు. మార్టిన్ నోటర్‌డేమ్‌లో టాకిల్, ఇక్కడికొచ్చాకే గార్డ్ అయ్యాడు, స్థానం మారడం ఈ జట్టుకి కొత్త కాదన్నాను. తలూపారు. తర్వాత రిసీవర్ల పేజీ తిప్పి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, ‘ఈ ఖాళీలేంటి?’ అన్నారు. వీడియో సంగతంతా చెప్పాను. పూర్తిగా వినలేదు. ‘స్కౌట్ అనేవాడు ఖాళీలు వదలడు. నువ్వెప్పుడైనా హెల్మెట్ పెట్టుకుని ఆడావా? మీ దేశంలో ఆడేది క్రికెట్ కదా?’ అన్నారు. గదిలో నవ్వులు. నేను లాగిన్ కోసం పంపిన ప్రతి మెయిల్‌లో కాపీ ఉన్న ప్రొఫెసర్ కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోను.

‘సర్, చూసింది మొత్తం రాశాను. చూడనిది ఊహించి రాయమంటారా?’ అని అడిగాను. ‘సోమవారానికల్లా నింపి తీసుకురా’ అన్నదే జవాబు.

రూముకొచ్చాక మా అన్న, అంటే సీనియర్ రూమ్మేట్, ‘ఏరా, మార్కుల కోసం ఏదో ఒక నంబర్ పడేయ్, ఎవడు చూస్తాడు? అసలు హాయిగా డేటా ఇంజినీర్ ఉద్యోగం చూసుకోక నీకెందుకురా ఈ గొడవ?’ అన్నాడు. నా మంచికోరే అన్నాడు. కానీ మనవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎవడూ చూడడులే అని ఒక గడి నింపితే, రేపు నిజంగా ఒక జట్టులో కూర్చున్నప్పుడూ చెయ్యి అలాగే పోతుంది. అక్కడ ఒక్క తప్పుడు మార్కు వెనక కోట్ల డాలర్లు, ఒక కుర్రాడి జీవితం ఉంటాయి. నేను ఒక్క గడి కూడా నింపలేదు. వీడియో కోసం నడిపిన మెయిళ్లన్నీ వరసగా అనుబంధంగా జోడించి ఇచ్చాను. బి గ్రేడ్ వచ్చింది. చాలు.

డ్రాఫ్ట్ మొదటి రాత్రి పెదనాన్నావాళ్ల ఇంట్లోనే ఉన్నాను. నా ర్యాంకుల జాబితాలో పైనున్న మెక్‌మిలన్ 8వ పిక్‌కే కరోలినాకి పోయాడు. 12 దగ్గర కౌబాయ్స్ బుకర్ పేరు చదివారు. ‘ఒరేయ్, నువ్వు చెప్పినోడేరా!’ అని పెదనాన్న సోఫాలోంచి లేచారు. 12వ పిక్ గార్డుకి ఖర్చుపెట్టడం దండగ అని మా క్లాసులో వాదించినవాళ్లందరికీ ఆ రాత్రే మెసేజ్ పెట్టాను.

ఇలాంటి ప్రాజెక్టు చేయబోయేవాళ్లకి: అడ్మిషన్‌కి ముందే వీడియో లాగిన్ ఇస్తారా అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. హైలైట్స్ చూసి ఎవరికీ మార్కులు వేయకండి, ఆ ఆటగాడి జట్టు ఓడిన మ్యాచులు వెతకండి. గాయాలు, స్వభావం గడుల జోలికి పోవద్దు. ఒక్కో జట్టు 30 మంది దాకా కుర్రాళ్లను తన దగ్గరికే పిలిపించుకుని మాట్లాడుతుంది, ఆ సమాచారం మనకి రాదు.

డ్రాఫ్ట్ ముగిసేసరికి రిసీవర్ లోటు అలాగే ఉండిపోయింది. ఐదో రౌండ్లో రన్నింగ్ బ్యాక్ జేడన్ బ్లూని, ఏడో రౌండ్లో ఫిల్ మాఫాని తీసుకున్నారు గానీ, ఏడు రౌండ్లలో ఒక్క రిసీవర్‌ని కూడా తీసుకోలేదు. వచ్చే బ్యాచ్‌కైనా లాగిన్ ఇవ్వాలని డిపార్ట్‌మెంట్‌కి లెటర్ రాసి, క్లాసులో సంతకాలు తీసుకుంటున్నాను. మనవాళ్లెవరైనా ఈ కోర్సులో చేరుతుంటే అడగండి, నా టెంప్లేట్ ఇస్తాను. గార్డ్, టాకిల్ షీట్లు అలాగే వాడుకోవచ్చు. రిసీవర్ షీటు మాత్రం ఆ వీడియో చేతికొచ్చాకే తెరవండి.