పాత గోలీ నుంచి కొత్త గోలీకి: నా అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమస్తాగా పనిచేస్తాను. డిప్రెషన్‌కి చాలా కాలం పారోక్సెటిన్ వాడాను. మందు పనిచేసింది, అబద్ధమెందుకు. కానీ ఒళ్లు పెరిగింది, పగలంతా మబ్బుగా ఉండేది. మొగుడూ పెళ్లాల మధ్య ఇబ్బంది కూడా మొదలైంది. అది మన దగ్గర మగవాళ్లు డాక్టరుకు కూడా చెప్పరు. నేను చెప్పాను. హన్మకొండలో నన్ను చూసే డాక్టరమ్మ, ‘ఈ మందుతో అది మామూలే, సెర్ట్రాలిన్‌కి మారుద్దాం’ అన్నారు.

ఇది ఆపి అది వేసుకోవడమే కదా అనుకున్నాను. ఆమె పాతది 25 నుంచి 12.5కు తగ్గించి, కొన్నాళ్లు చూసి, పక్కన కొత్తది 25 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, ఆ తర్వాతే పాతది తీసేశారు. పారోక్సెటిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, సగం పోవడానికి దాదాపు ఒక రోజు చాలు. అందుకే ఒక్కసారి ఆపితే ఒళ్లు గోల చేస్తుందట. నాది మెల్లగా కరిగే సీఆర్ గోలీ కాబట్టి విరిచి వేసుకోవద్దని కూడా చెప్పారు.

ఇంత జాగ్రత్తపడ్డా, పాతది మానేసిన రెండు మూడు రోజులకే గోల మొదలైంది. మిర్చి సీజన్. కాంటా మీద అంకె చూసి, తక్‌పట్టీ (తూకం చీటీ) రాద్దామని కళ్లు పక్కకు తిప్పాను. తలలో జిల్లున కరెంటు కొట్టింది. నొప్పి లేదు, క్షణంపాటు అన్నీ తెగి మళ్లీ అతుక్కున్నట్టు ఉంది. మళ్లీ కాంటా వైపు చూస్తే మళ్లీ అదే. ఇక కళ్లు కదపకుండా తలంతా తిప్పి చూడడం మొదలుపెట్టాను. ‘మెడ పట్టిందా తమ్మీ?’ అన్నాడు సేటు. అవునన్నాను. మెడనొప్పికి ఎవరూ వంద ప్రశ్నలు వేయరు.

రాత్రుళ్లు పిచ్చి కలలు, పొద్దున చిరాకు. ఊరికే పిల్లల మీద అరుస్తుంటే అమ్మ భయపడింది: ‘మళ్ల మొదటికొచ్చిందా బిడ్డా?’ నాకూ అదే టెన్షన్. ఫోన్ చేస్తే డాక్టరమ్మ తేడా చెప్పారు. మందు తగ్గించిన కొద్ది రోజుల్లోనే షాకులు, కళ్లు తిరగడంతో వస్తే అది మందు మానడం వల్ల. జబ్బు తిరగబెడితే మామూలుగా వారాల మీద, మెల్లగా వస్తుంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దన్నారు. మా ఆవిడ అప్పుడే తన ఫోన్లో మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెట్టుకుంది.

షాకులు తగ్గుతుండగా కడుపు అందుకుంది. వికారం, విరేచనాలు. ఇవి కొత్త మందువి. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోమన్నారు, అది బాగా పనిచేసింది. కారం తగ్గించి పెరుగన్నం మీద పడ్డాను. మిర్చి యార్డులో పనిచేస్తూ కారం మానేసినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఒకటి గుర్తుపెట్టుకోండి. బస్తాలు సర్ది నడుము పట్టేస్తే మా వీధి ఆర్ఎంపీ ఒక నొప్పి గోలీ ఇచ్చాడు. అట్ట మీద ట్రమడాల్ అని ఉంటే ఫొటో తీసి డాక్టరమ్మకు పంపాను. సెర్ట్రాలిన్‌తో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి జ్వరం, వణుకు, గాభరా రావచ్చట. పారాసిటమాల్ చాలన్నారు.

ఇప్పుడు సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాముల మీద ఉన్నాను. మబ్బు పోయింది, మిగతా ఇబ్బంది కూడా కొంత నయం. చెమటలు మాత్రం పోస్తూనే ఉన్నాయి. అది గోలీ వల్లనో, మా వరంగల్ ఎండల వల్లనో తేల్చడానికి చలికాలం దాకా ఆగుదాం అన్నారు డాక్టరమ్మ.