వీడియో కేవైసీ: పక్కనుంచి అందించకండి

పర్లాకిమిడిలో మా పెద్దమ్మ బ్యాంకు ఖాతా వీడియో కేవైసీతో, అంటే బ్యాంకుకి వెళ్లకుండా వీడియో కాల్‌లోనే గుర్తింపు చూపించి, తెరిపించాం. మూడో కాల్‌కి గాని పనవలేదు.

మొదటిది నేనే చెడగొట్టాను. అవతలి ఉద్యోగి పుట్టిన తేదీ అడిగితే పెద్దమ్మ నా వైపు చూసింది, నేను చెప్పేశాను. అంతే, కాల్ కట్. పక్కనుంచి అందిస్తున్నట్టు కనబడితే దరఖాస్తు తిరస్కరించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. ప్రశ్నల వరస కూడా మారుస్తుంటారు, బట్టీ పట్టించి లాభం లేదు.

రెండోది సిగ్నల్ పోయి ఆగింది. మాది ఒడిశా, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. మా వీధిలో ఫోను ఒకసారి ఒడిశా టవరు, ఒకసారి ఆంధ్రా టవరు పడుతుంది. మధ్యలో తెగితే ఆగిన చోటినుంచి సాగదు, మళ్లీ మొదటికే. అందుకని వైఫై ఉన్న ఇంట్లో కూర్చోబెట్టాం. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, వీపీఎన్ (ఫోను ఎక్కడుందో దాచే యాప్) ఉంటే తీసేయాలి: విదేశీ ఐపీ అడ్రసు (ఫోను ఇంటర్నెట్ చిరునామా) కనబడితే కాల్ ఒప్పుకోరు.

అసలు చిక్కు మాత్రం వేరు. "ఓలమ్మో, నా మొహం నాకే అగుపిస్తందేటి!" అని పెద్దమ్మ కొంగు సర్దుకుంటూనే ఉంది, అవతలివాడి మాట చెవికెక్కలేదు. పైగా హిందీ మనిషి తగిలాడు. మూడోసారి మొదట్లోనే తెలుగు భాష ఎంచుకున్నాం. ముందురోజు రాత్రి మనవడితో రెండుసార్లు వాట్సాప్ వీడియో కాల్ చేయించాక బెరుకు సగం పోయింది.

ఫోను చేత్తో పట్టుకోనివ్వకండి, వణుకుతుంది. బియ్యం డబ్బాకి ఆనించి కళ్ల ఎత్తులో పెట్టండి. గుమ్మం వెనకవైపు ఉంటే మొహం నల్లగా పడుతుంది, గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టండి. పాన్ కార్డు ఒరిజినలే కావాలి, జిరాక్సు చెల్లదు. లామినేషన్ మెరిస్తే కాస్త వంచి చూపాలి. సంతకానికి తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే ముందు అది సరిచేయించుకోండి. ఆధార్ ఆఫ్‌లైన్ ఫైలు (ఆధార్ వెబ్‌సైటు నుంచి దించుకునేది) వాడితే అది 3 పనిదినాలకు మించి పాతది కాకూడదు.

పిన్, సీవీవీ (కార్డు వెనకుండే మూడంకెలు) అడిగినా, స్క్రీన్ షేర్ చేయమన్నా కాల్ కట్ చేసేయండి, వాడు బ్యాంకువాడు కాడు.

కాల్ అయ్యాక ఖాతా వెంటనే పనిచేయదు. ఆ రికార్డింగు ఇంకొకరు తనిఖీ చేశాకే మొదలవుతుంది. మెసేజ్ వచ్చేదాకా పింఛను ఆ ఖాతాకి మార్చమని ఎవరికీ చెప్పకండి.