గొట్టంలో పేరుకున్నది

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన బురద సీసా మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన ల్యాబంతా కమ్మేసింది. "మళ్లీ నీ బురదేనా అమ్మా?" అంటూ టెక్నీషియన్ గారు కిటికీలు తెరిచారు. డీజిలు, మసి వంటి వాటి నుంచి వచ్చి ఆ నల్లటి బురదను అంటిపెట్టుకునే పాలీఅరోమాటిక్ హైడ్రోకార్బన్లను, అంటే కార్బన్ వలయాలు అతుక్కుని ఏర్పడే నూనె లాంటి కాలుష్యాలను, విడదీయడం నా పని.

మామూలుగా అయితే ద్రావణిని పదేపదే నమూనా మీదికి పంపే సాక్స్‌లెట్ పరికరంలో డైక్లోరోమీథేన్‌తో రాత్రంతా కడగాలి. ఆ వాసన నాకు పడదు. అందుకే వేడినీళ్లను నమ్ముకున్నాను. నీళ్లలో నూనె కరుగుతుందా అని నవ్వినవాళ్లు ఉన్నారు. చన్నీళ్లయితే వాళ్ల మాటే నిజం. మామూలు వేడిమిలో నూనె లాంటివాటిని నీరు ఎంతగా దూరం పెడుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దాకా ఉంటుంది. 250 డిగ్రీల దగ్గర అది 27కు దిగి, నీరే ఆల్కహాల్ లాంటి ద్రావణిగా మారుతుంది. ఆవిరైపోకుండా 40 బార్ల ఒత్తిడి సరిపోతుంది, నేను భయం కొద్దీ 100 పెట్టాను.

మొదటిసారి, ఓవెన్‌లో ఆ వేడినీళ్లు పారే పాత్రలో బురదను ఇసుక కలపకుండా నింపాను. ఫిల్టరు మూసుకుపోయింది. బురదను ఎండబెట్టడమూ తప్పే, కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ గాలికే ఎగిరిపోతుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నాఫ్తలీన్ బాగానే దొరుకుతోంది, పైరీన్ అరకొర, అయిదు వలయాల బెంజోపైరీన్ జాడే లేదు. శుభ్రమైన ఇసుకకు వీటిని కొలిచి కలిపి నడిపినా అదే తంతు. రెండు వారాలు ఓవెన్‌ను తిట్టుకుంటూ వేడి పెంచుతూ పోయాను. చివరికి టెక్నీషియన్ గారే, "వేడిగా ఉన్నప్పుడు కరిగింది, చల్లారాక ఎక్కడికి పోతుంది?" అని అడిగారు.

నీరు చల్లబడే స్టీలు గొట్టపు చుట్టలోకి నూనెలను కరిగించే టోలీన్ పంపి, బయటికొచ్చిన చుక్కలను చీకట్లో అతినీలలోహిత దీపం కింద పట్టాను. నీలంగా వెలిగాయి! నెయ్యిగిన్నె కడిగిన వేడినీళ్లు తూములో చల్లారినట్టు, నా సరుకంతా ఆ గొట్టం గోడలకే పేరుకుంది.

చుట్టకు ముందే మూడు దారుల జాయింటు బిగించి, అక్కడే టోలీన్ కలిసేలా మార్చాను. మర్నాడు విశ్లేషణ యంత్రం గీసిన గ్రాఫులో బెంజోపైరీన్ శిఖరం లేచింది. దాని పక్కనే బురదలోని గంధకం గుట్ట ఒకటి అడ్డుపడింది. ఆ గంధకాన్ని పట్టేయడానికి వేసిన రాగి పొట్టు చూస్తుండగానే నల్లబడింది. ఇంకో గుప్పెడు వేశాను.