కర్నూలు ఫొటో మేళాలో మేడం వెంట

ఫొటోల ప్రదర్శనకు వెళ్తే గోడల వెంబడి గబగబా నడిచి బయటపడేవాళ్లే ఎక్కువ. కర్నూలు మేళాలో ఫొటోలు ఎంచి ప్రదర్శన పెట్టే క్యురేటరే దగ్గరుండి తిప్పి చూపిస్తారని తెలిసి, మా బావను వెంటబెట్టుకుని పొద్దున్నే అనంతపురంలో బస్సెక్కాను. బావ ఏళ్ల తరబడి స్టూడియో నడిపినవాడు. గుత్తి, డోన్ దాటేదాకా డార్క్‌రూమ్ కబుర్లే.

ఆ క్యురేటర్ మేడం మా గుంపుకు ముందే ఒక మాట చెప్పారు. "కింద రాసింది తర్వాత చదవండి. ముందు ఫొటో చూడండి." అంత పెద్ద హాల్లో ఆవిడ ఆగింది ఏడెనిమిది చోట్లే.

మొదటిది గోధుమరంగు తిరిగిన పాత కోట ఫొటో, అల్బుమెన్ ప్రింట్. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించి, ఆరాక సిల్వర్ నైట్రేట్ మీద తేల్చి, గాజు నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవాళ్లట. అందుకే ఫొటో ఎంతో గాజు పలకా అంతే. నెగెటివ్ కోసం పలక మీద పోసిన కొలోడియన్ అనే జిగురు మందు ఆరకముందే, అంటే పది పదిహేను నిమిషాల్లో, ఫొటో తీసి డెవలప్ చెయ్యాలి. ఎక్కడికెళ్లినా డార్క్‌రూమ్ గుడారం మోసుకెళ్లాల్సిందే. తర్వాతి కాలంలో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన లాలా దీన్‌దయాళ్ 1870లలో కెమెరా పట్టింది ఆ రోజుల్లోనే. ఫొటో మూలన చిన్న మచ్చ చూపించారు మేడం. పలకను పట్టుకుని మందు పోసిన మనిషి వేలి గుర్తు! బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నెగెటివ్ ఉంటే ఎన్ని కాపీలైనా తీయొచ్చు కదమ్మా, ఇంత ధరెందుకు?" అనడిగాడు. ఆవిడ ఇంకో ప్రింటు కింద పెన్సిల్‌తో రాసిన 3/10 చూపించారు. వేసేది పదే, ఇది మూడోది. ఆ సైజులో మళ్లీ వెయ్యనని ఫొటోగ్రాఫర్ ఇచ్చిన మాటకే ఆ ధర. అడిగినన్ని బ్రోమైడ్ ప్రింట్లు వేసిచ్చిన బావకు ఇది పూర్తిగా కొత్త.

డ్రోన్ ఫొటోలు కూడా చూశాం, నాకంతగా పట్టలేదు. నన్ను కట్టిపడేసింది గుడారాల ఫొటో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. అక్కడ మేడం చెప్పడం ఆపి, "మీకు తెలిసింది చెప్పండి" అన్నారు. గుంపులోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చి, వాళ్ల నాయన అలాంటి గుడారంలోనే గుమాస్తాగా చేశాడని, వానొస్తే ఫైళ్లన్నీ ట్రంకుపెట్టెల మీదికి ఎత్తేవాళ్లని చెప్పాడు. మేడం నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. ఊరి ఫొటో ముందు ఊరివాళ్లను మాట్లాడనిచ్చే క్యురేటర్ ఉండబట్టే కదా ఆ మాట బయటికొచ్చింది! ఇలాంటి టూర్లు మా అనంతపురంలోనూ పెట్టాలని గట్టిగా అనిపించింది.

చివర్లో బావ తన బెంగ బయటపెట్టాడు. అటక మీది పాత నెగెటివ్‌లు పుల్లటి వాసన కొడుతున్నాయని. ఫిల్మ్‌లోని అసిటేట్ అనే ప్లాస్టిక్ పాడవుతోందని, ఆ వాసన మిగతావాటికీ అంటుకుంటుందని, ముందు వాటిని వేరు చెయ్యమని చెప్పారు మేడం. ప్లాస్టిక్‌లో బిగించకుండా కాగితపు కవర్లలో, చల్లగా, తడి తగలని చోట పెట్టాలట. గాజు పలకలైతే పడుకోబెట్టకుండా నిలబెట్టాలి. "అన్నిటికన్నా ముందు ఎవరి ఫొటోనో, ఏ ఊరో కవరు మీద రాయండి. మీరు చెప్పకపోతే ఇంకెవరికీ తెలియదు" అన్నారు.

బస్టాండుకు వెళ్తూ దారిలో బావ కాగితపు కవర్లు, పెన్సిళ్లు కొన్నాడు. ఆదివారం అటక దించుదాం, నువ్వూ రా అన్నాడు.