కుర్చీల మీద పేరు కోసం తెలుగు స్టెన్సిల్ చేశాను

మా బాబాయికి గుంటూరులో టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లలో తన కుర్చీలు వేరేవాళ్ల వాటితో కలిసిపోతున్నాయని, వెనకవైపు పేరు, దాని కింద ఊరు బాగా లావు అక్షరాలతో స్ప్రే కొట్టించాలని పట్టుబట్టాడు. ఇంగ్లీషులో అయితే ఒక్క పూట పని. 1937లో గెర్రీ పావెల్ అమెరికన్ టైప్ ఫౌండర్స్ కంపెనీ కోసం గీసిన ‘స్టెన్సిల్’ అనే ఫాంట్ ఉండనే ఉంది, మిలిటరీ పెట్టెల మీద రాతలా ఉంటుంది, అన్నీ పెద్దక్షరాలే (అదే ఏడాది లడ్లో కంపెనీకి హంటర్ మిడిల్టన్ కూడా అలాంటిదే ఒకటి చేశాడు). కానీ బాబాయి ఒప్పుకోలేదు, “లోడ్ ఎత్తే కుర్రాళ్లు చదవాలిరా, తెలుగులోనే ఉండాలి” అన్నాడు.

సరే అని గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర తీసుకున్నాను, మంచి లావు ఫాంట్. అసలు చిక్కు అక్కడే మొదలైంది. స్టెన్సిల్ అంటే షీటులో రంగు పడాల్సిన చోటు కోసేసి, దాని మీంచి స్ప్రే కొట్టడమే కదా, ‘గుంటూరు’లో సున్నా చుట్టూ కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది, ‘రు’లో గుండ్రం లోపలిదీ అంతే. అది పడకుండా షీటుకి పట్టి ఉంచే సన్నటి పట్టీలు వదలాలి, వాటినే బ్రిడ్జిలు అంటారు. ఒక్కటే వదిలితే ముక్క రెక్కలా ఊగుతుంది, దాని కిందకి రంగు పోతుంది, అందుకే కనీసం రెండు ఉండాలి.

కటింగ్ షాపు కుర్రాడు ప్రతి అక్షరానికీ మధ్యలో నిలువుగా గీత లాగేద్దామన్నాడు. ఇంగ్లీషు ‘O’ అక్షరానికి అది బాగుంటుందేమో గానీ, మన సున్నా రెండు బ్రాకెట్లలా తయారైంది, ‘రు’ అయితే చదవడానికే రాలేదు.

తర్వాత ప, స, హ చూస్తూ కూర్చుంటే దారి దొరికింది. వాటిలో తలకట్టు ఎలాగూ అక్షరానికి అంటుకోదు, ఆ ఖాళీ మన కంటికి అలవాటే. అందుకని ‘రు’లో తలకట్టు కలిసే చోటే ఒక బ్రిడ్జి పెట్టి, రెండోది అడుగున కొంచెం పక్కకి జరిపాను. సున్నాకి కూడా నిలువుగా కాకుండా ఏటవాలుగా పెట్టాను. మూడంగుళాల అక్షరానికి నాలుగు మిల్లీమీటర్ల బ్రిడ్జి సరిపోయింది. అంతకన్నా సన్నగా ఉంటే తుడిచేటప్పుడు చిరుగుతుంది, మరీ వెడల్పు చేస్తే అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది. లావు ఫాంట్ అయితే మేలే, కాస్త తెగినా ఆకారం నిలుస్తుంది. ఒత్తులతో నాకైతే పెద్ద ఇబ్బంది రాలేదు, చాలావరకు అవి అసలు అక్షరానికి విడిగానే ఉంటాయి. ‘ఠ’ మాత్రం ఎవరి పేరులోనూ రాకూడదని కోరుకుంటున్నా, గుండ్రం లోపల మళ్లీ చుక్క!

కోయడానికి పాత ఎక్స్‌రే ఫిల్మ్ వాడాను. కుర్చీ వంపుకి తగ్గట్టు వంగుతుంది, తుడిస్తే శుభ్రమవుతుంది. ప్లాస్టిక్ మీద పెయింట్ సరిగా నిలవదు కాబట్టి ముందు సాండ్ పేపర్‌తో గరుకు చేయాలి. డబ్బాని జానెడు దూరంలో పట్టుకుని పల్చగా రెండుసార్లు కొట్టాలి, దగ్గరగా పెట్టి ఒకేసారి దట్టంగా కొడితే అంచుల కిందకి కారుతుంది.

ఇప్పుడు బాబాయి గుండిగలకి కూడా ఇదే కొట్టమంటున్నాడు. పొయ్యి మీద కాలే వాటికి స్ప్రే ఎక్కడ నిలుస్తుంది, వాటి మీద మిషన్‌తో పేరు కొట్టించుకోవడమే నయమని చెప్పాను.