మా అమ్మాయికి పాత కారే ఎందుకిచ్చాం

అమెరికాలో మేముండే ఒహాయో రాష్ట్రంలో పదిహేనున్నరేళ్లు నిండితే పిల్లలకు డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ ఇస్తారు. లైసెన్సు చేతికి రావాలంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని 50 గంటలు నడిపించాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. మా ఇంట్లో దీనికి తోడు బానెట్ ఎత్తి నిలబడి చెప్పే పాఠాలు కూడా ఉన్నాయి.

అమ్మాయి స్నేహితుల ఇళ్లలో లీజు పుణ్యమా అని మూడేళ్లకోసారి కారు మారిపోతుంటుంది. లక్షన్నర మైళ్లు దాటిన మా క్యామ్రీని చూసి "మనం కొత్తది కొనలేమా అమ్మా?" అంది. కొనగలం. కానీ ఇంజిన్ శుభ్రంగా ఉన్న బండిని వదిలించుకోవడానికి నాకు మనసొప్పదు. గుంటూరులో మా నాన్న ఆదివారం పూట చేతక్ స్కూటర్ ముందు చతికిలబడి, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో మసి గీకుతుంటే చూస్తూ పెరిగినదాన్ని.

ఇక్కడ బండికి అసలు శత్రువు ఉప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఆ ఉప్పు అడుగుభాగానికి పట్టి, బ్రేకు గొట్టాలను సైతం తుప్పు పట్టిస్తుంది. పైన తళతళలాడితే ఏం లాభం? చలికాలమంతా అడుగున కూడా నీళ్లు కొట్టించాలి. చలికి టైర్లలో గాలి కూడా దిగుతుంది. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద అచ్చయిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అమ్మాయికి బాగా నచ్చింది సెంటు నాణెం పరీక్ష: నాణెం మీది లింకన్ బొమ్మ తలకిందులుగా ఉండేలా టైరు గాడిలో దూర్చి చూడాలి, తల మొత్తం కనిపిస్తే ఆ టైరుకు రోజులు చెల్లినట్టే.

దసరాకు గుడిలో వాహన పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం. "నిమ్మకాయలకు బదులు ఆయిల్ ఫిల్టర్ మారిస్తే దేవుడు ఊరుకోడా?" అని అడిగింది. రెండూ చేద్దాం, కాకపోతే ముందు ఫిల్టర్ అన్నాను. బడికి, కూరగాయల కొట్టుకు తిరిగే చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, దాంతో ఆయిల్ త్వరగా పాడవుతుంది. అందుకే ఆయిల్ మార్పు విషయంలో నేను 10,000 మైళ్ల దాకా ఆగను, 5,000కే మార్పిస్తాను. చాదస్తమని మా ఆయన అంటారు, అననివ్వండి.

కష్టమల్లా నెమ్మది నేర్పడమే. దూరాన ఎర్రలైటు కనబడుతున్నా యాక్సిలరేటర్ తొక్కుతూ పోయి, దగ్గరికొచ్చాక బ్రేకు మీద నిలబడుతుంది. ముందే కాలు తీసేస్తే బండి తనంతట తానే నెమ్మదిస్తుందని, బ్రేకు ప్యాడ్లూ పెట్రోలూ మిగులుతాయని చెబితే తల ఊపుతుంది, మరుసటి సిగ్నల్ దగ్గర మళ్లీ అదే. చలి ఉదయాల్లో కారును వాకిట్లో ఊరికే ఆన్ చేసి ఉంచనక్కర్లేదు, మొదటి కొన్ని నిమిషాలు మెల్లగా నడిపితే చాలన్నది మాత్రం ఇట్టే ఒప్పుకుంది. ఇంకాసేపు పడుకోవచ్చు మరి!

బీమా, పెట్రోలు మావి. ఆయిల్, వైపర్లు ఐస్‌క్రీం దుకాణంలో తను సంపాదించే డబ్బులోంచి. టైర్ల దగ్గర మాత్రం బేరం ఇంకా తెగలేదు.