తవ్వేముందు భూమాతకు చెప్పుకునే మాట

యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు।
మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్॥

అథర్వవేదం పన్నెండో కాండలోని భూమిసూక్తంలో 63 మంత్రాలున్నాయి. "మాతా భూమిః పుత్రో అహం పృథివ్యాః" అన్న మాట సభల్లో అందరి నోటా వింటాం. నన్ను పట్టుకున్నది మాత్రం ఈ 35వ మంత్రం. తల్లీ, నీలో నేను తవ్వుకున్నది త్వరగా మళ్లీ మొలవాలి, నీ మర్మానికి, అంటే ఆయువుపట్టుకు గానీ, గుండెకు గానీ నా దెబ్బ తగలకూడదు అని వేడుకోలు.

ఋషి తవ్వొద్దనలేదు. తవ్వకుండా మనిషి బతకలేడని ఆయనకు తెలుసు. కానీ "క్షిప్రం" అన్నాడు. దయచేసి ఈ ఒక్క పదం దగ్గర ఆగండి. ఎప్పుడో ఒకప్పుడు మొలిస్తే చాలదు, త్వరగా మొలవాలి. పసుపు తవ్విన రైతు విత్తనానికి కొమ్ములు దాచుకుంటాడు, మళ్లీ ఏడాదికి పంట చేతికొస్తుంది. ఆ తవ్వకం మంత్రానికి ఒదిగినది. మరి సింగరేణి బొగ్గు? అది భూమి కడుపులో పడి 25 కోట్ల ఏళ్ల పైమాటే. నాలుగైదు తరాల్లో తవ్వి కాల్చేస్తూ "క్షిప్రం" అని ఏ నోటితో అనగలం? ఇప్పుడు మనం బతుకుతున్న తీరు ఎన్నాళ్లు సాగుతుందో చూసుకోవడానికి నాకు ఈ పదమే కొలత.

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానే మాకు ఆధారం. మూడేళ్ల కింద చేలో బోరు వేయించాం. నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ నిలబడిన చోట తమ్ముడు పసుపు, కుంకుమ చల్లి ఇంకో టెంకాయ కొట్టాడు. రెండు నిమిషాల్లో పూజ అయిపోయింది. మంత్రం తెలిసిన నేనూ నోరు విప్పలేదు. ఏడొందల అడుగులు దాటినా తెల్లటి దుమ్మే లేచింది. ఆ రాత్రి అమ్మ, "అడిగినాం సరే, ఆ తల్లికి ఏమన్నా ఇచ్చినామా నాయనా?" అంది.

మా నేలలో నీళ్లు నిలిచేది పైనున్న మెత్తటి పొరలో, దాని కింద రాతి నెర్రెల్లో. వానకు నిండేదీ అదే. దాన్ని తోడేసి ఇంకా కిందికి పోవడమే మర్మం మీద కొట్టడమని నాకు అనిపిస్తుంది. టెంకాయ కొట్టగానే అనుమతి దొరికిందనుకోకండి. భూమిపూజ చేసేవాళ్లు పురోహితుణ్ని అడిగి ఈ మంత్రం చెప్పించుకోండి. తీసుకుంటున్నదానికి బదులు ఏం పెడతారో అక్కడే సంకల్పంలో చెప్పుకోండి. ఇంకుడుగుంత కావచ్చు, చెరువు పూడికతీతకు ఒక రోజు కూలి కావచ్చు.

పోయిన వేసవిలో ఆ ఎండిన బోరు చుట్టూ గుంత తీసి రాళ్లు, కంకర, ఇసుక నింపాం. గడ్డపార దించే ముందు ఈసారి మంత్రం చదివాను. అమ్మ పక్కనే నిలబడి "రోహతు, రోహతు" అంటూ ఉంది. తొలివానకు చేనినీళ్లు ఎర్రగా ఆ గుంతలోకి దిగుతుంటే, చీకటి పడేదాకా గొడుగు కింద నిలబడి చూసింది.